మీ మాట మాకు చేరింది

పోయిన వారం మన టెస్టరమ్మను ఆఫీసులో తెల్లబోర్డు ముందు నిలబెట్టి వచ్చాం. ఆ బోర్డు మీద సున్నా సారు స్వహస్తాలతో పెద్ద సున్నా గీసి, లోపల రెండు కళ్ళూ ఒక నవ్వూ పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వినికిడి యంత్రాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆ చిన్న కంపెనీకి ఆయనే మేనేజరు. ఫిర్యాదులు సున్నా అని రాసుకోవడమంటే పంచప్రాణాలు, అందుకే ఆ పేరు. కొత్త అప్‌డేట్ సగం మంది ఫోన్లలోకి వెళ్ళి అప్పటికి వారం దాటింది. ఫిర్యాదుల విభాగానికి ఒక్కటంటే ఒక్కటి రాలేదు. మిగతా సగం మందికీ ఈ సాయంత్రమే వదిలెయ్యాలని సారు తొందర. పరీక్ష చేసిన మనిషిగా టెస్టరమ్మ 'సరే' బటన్ నొక్కితే చాలు, వదిలినట్టే. ఆమె నొక్కబోయి ఆగిపోయింది.

ఎందుకాగిందో ఆమెకే సరిగ్గా తెలియదు. కాకపోతే ఒకటి మాత్రం తెలుసు. అంతకు ముందు అప్‌డేట్‌లో ఒక బటన్ ఆకుపచ్చ రంగును కాస్త లేత చేసినందుకు జనం పేజీలకు పేజీలు రాశారు. ఒక పెద్దమనిషైతే ఆ పాత పచ్చ తన మనసుకు ఎంత హాయిగా ఉండేదో నెల పొడుగునా రాస్తూనే ఉన్నాడు. అలాంటి జనం ఇప్పుడు మూకుమ్మడిగా నోళ్ళు కుట్టేసుకున్నారంటే ఎలా నమ్మడం?

అప్పుడే మేనత్త గుర్తొచ్చింది. గడియారాలు బాగుచేసే ఈ మేనత్త కూడా ఆ సగం మందిలో ఒకతె. కంపెనీ యంత్రాన్ని మొదటి నుంచీ పెట్టుకుంటున్న మనిషి. టీ వేడిగా ఉందని వెనక్కి పంపి, రెండోసారి తెస్తే చల్లగా ఉందనే రకం. అలాంటావిడ కూడా వారం నుంచి కిమ్మనలేదు. భోజనానికి వెళ్ళొచ్చి నొక్కుతానని సారుకు చెప్పి, టెస్టరమ్మ సంచి భుజాన వేసుకుని బయటపడింది. భోజనం మాట ఆమెకు ఆ తర్వాత గుర్తుకే రాలేదు.

మేనత్త కొట్టు జిరాక్సు షాపుకూ చెప్పుల షాపుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే మూడోవాళ్ళు వీధిలో ఆగాల్సిందే. గోడల నిండా గడియారాలు, గాజు బల్ల మీద సాసర్లలో ఇత్తడి చక్రాలు, వాటి పక్కన స్క్రూ డ్రైవర్లు, అన్నిటి మీదా పలచటి నూనె వాసన. టెస్టరమ్మ గుమ్మంలో అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయింది. ఎందుకంటే మేనత్త ఒక చెక్క పుల్లను పళ్ళ మధ్య బిగించి, దాని రెండో కొసను ఒక లోలకం గడియారం పెట్టెకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది.

ఇదేం పూజ అనుకుంది టెస్టరమ్మ. మెల్లగా వెళ్ళి భుజం తట్టింది. మేనత్త కళ్ళు తెరిచి, పుల్ల నోట్లోంచి తీసి, గుడ్డకు తుడిచి, ఏమీ జరగనట్టు బల్ల మీద పెట్టింది.

"ఏంటత్తా ఇది?"

"టిక్కు వింటున్నా. చెవులు పని మానేశాయి కదా, పళ్ళకి అప్పజెప్పా."

లోలకం గడియారానికి నడక సమంగా ఉండాలి. టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం ఒకేలా లేకపోతే అది కుంటుతోందంటారు ఆ పనివాళ్ళు. కుంటే గడియారం నాలుగు రోజులు నడిచి ఆగిపోతుంది. మేనత్త ఆ కుంటును చెవితో పట్టేది. వినికిడి తగ్గాక యంత్రం పెట్టుకుని మరీ పట్టేది. ఇప్పుడు చెక్కలోంచి పళ్ళకు వచ్చే అదురును బట్టి పట్టడానికి తంటాలు పడుతోంది.

మరి తన మాట వినబడుతోందా అని టెస్టరమ్మ అడిగింది. మాటలకేం, బ్రహ్మాండంగా వినబడుతున్నాయంది మేనత్త. జిరాక్సు షాపాయన తన గురించి గొణుక్కునేది కూడా కొత్తగా వినబడుతోందట. ఎటొచ్చీ గడియారాలే మూగబోయాయి. గోడ మీద అన్నీ లోలకాలు ఊపుతున్నాయి, ఒక్కటీ నోరు విప్పడం లేదంది.

టెస్టరమ్మకు విషయం సగం అక్కడే అర్థమైంది. ఈ అప్‌డేట్ గొప్పతనమే అది. ఒకే తీరున, ఒకే ఎడంతో మళ్ళీ మళ్ళీ వచ్చే శబ్దాన్ని అది రొద అనుకుని తీసేస్తుంది, మనిషి గొంతును పైకి తెస్తుంది. ఆమె దాన్ని ఫ్యాన్ల కింద, బస్సుల్లో, జనం కిక్కిరిసిన హాళ్ళలో పరీక్షించింది. ప్రతిచోటా భేష్ అనిపించుకుంది. గడియారాల కొట్లో పరీక్షించాలని ఎవరికీ తట్టలేదు. సొంత మేనత్త గడియారాల కొట్టే నడుపుతున్నా తనకూ తట్టలేదని ఆమె నాలుక కరుచుకుంది.

మేనత్త మాత్రం నిష్ఠూరం ఏమీ లేకుండా, వేరెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. ఒక డాక్టరమ్మ గడియారం బాగుచేసి ఇస్తే, అది ఆగిపోయి తిరిగి వచ్చిందట. ఈ కొట్టు తెరిచాక తన చేతిలోంచి వెళ్ళిన గడియారం కుంటుతూ వెనక్కి రావడం అదే మొదలట. మొదట, టిక్కు పట్టే ఆ కాస్త వినికిడీ పోయిందనుకుందట. కొట్టు ఎవరికైనా అప్పజెప్పేద్దామని, ఎవరికి అప్పజెప్పాలో కూడా ఆలోచించుకుందట. నాలుగు వీధుల అవతల తను తెల్లబోర్డు మీద నవ్వే సున్నాను చూస్తూ కూర్చున్నప్పుడు, ఇక్కడ ఈవిడ బతుకుతెరువు మూట కట్టుకుంటోంది.

"నాకొక్క ముక్క చెప్పొచ్చుగా అత్తా."

మేనత్త కళ్ళజోడు పైకి తోసి మేనకోడల్ని ఎగాదిగా చూసింది.

"నువ్వే కదే చెప్పొద్దన్నావ్."

అన్నది నిజమే. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చుట్టాల్లో ఎవరి యంత్రం కీచుమన్నా టెస్టరమ్మ చెవిలోనే పోసేవారు. పెళ్ళి భోజనాల దగ్గర, ఆస్పత్రి వరండాల్లో, ఒకసారి రన్నింగులో ఉన్న ఆటోలోంచి తల బయటపెట్టి మరీ. ఆమె విని ఊ కొట్టేది, ఆఫీసుకు వెళ్ళేసరికి మరిచిపోయేది. చివరికి విసిగిపోయి అందరినీ కూర్చోబెట్టి, ఇక మీద నాతో చెప్పొద్దు, చెప్పాల్సిన చోట చెప్పండి అని చిన్నసైజు ఉపన్యాసమే ఇచ్చింది. అందరికన్నా శ్రద్ధగా విన్నది ఈ మేనత్తేనన్న మాట.

"చెప్పాల్సిన చోటే చెప్పా," అంది మేనత్త, ఆ శ్రద్ధకు కాస్త గర్వపడుతూ.

టెస్టరమ్మకు అది అంతుపట్టలేదు. చెప్పాల్సిన చోటు అంటే ఫిర్యాదుల విభాగం. అక్కడ చూస్తే సున్నా. ఈవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. మరైతే ఆ మాట ఎటు పోయింది?

"ఎక్కడ చెప్పావో చూపించు," అంది.

మేనత్త ఫోన్ తీసింది. అప్‌డేట్ వచ్చిన రోజున యాప్‌లో కనబడిన ప్రకటన ఇంకా అలాగే ఉంది. కొత్తగా ఏమేం మార్చారో నాలుగు వాక్యాలు, కింద ఒక వాక్యం: ఏదైనా తేడాగా అనిపిస్తే ఇక్కడ చెప్పండి. మేనత్త ఆ 'ఇక్కడ' మీద వేలు పెట్టింది. లేత పసుపు రంగు పేజీ ఒకటి తెరుచుకుంది. ఆ పసుపును చూడగానే టెస్టరమ్మ గుర్తుపట్టింది.

అది పరీక్షల పేజీ. అప్‌డేట్ ఇంకా పరీక్షలో ఉండగా, ముందుగా వాడి చూడటానికి ఒప్పుకున్న కొద్దిమంది తమ అనుభవాలు రాసే చోటు. అక్కడ ఎవరేం రాసినా ఆఫీసులో అందరి ఫోన్లూ మోగేవి. దాన్ని వాళ్ళు గంట అనేవారు. అప్‌డేట్ విడుదలైన రోజున గంట విప్పేయడం ఆ ఆఫీసులో ఒక సరదా. అందరూ కాఫీలు పట్టుకుని చుట్టూ చేరితే, పరీక్ష చేసిన మనిషి ఒక బటన్ నొక్కి ఆ మోతను ఆపేస్తారు. ఇక ఈ అప్‌డేట్ మీద ఎవరేం చెప్పుకున్నా ఫిర్యాదుల విభాగానికే చెప్పుకోవాలి. ఈసారి గంట విప్పింది టెస్టరమ్మే. చప్పట్లు కూడా కొట్టారు.

అయితే ఆ పాత పేజీకి దారి ఈ ప్రకటనలో ఎలా ఉండిపోయింది? ఆమె ఆలోచించింది, జవాబు తట్టగానే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరీక్ష పాసైన అప్‌డేట్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోకూడదన్నది వాళ్ళ ఆఫీసు నియమం. ముట్టుకుంటే పరీక్షించింది ఒకటి, జనానికి ఇచ్చింది ఇంకొకటి అవుతుంది. ఆ నియమం కోసం ఆమె ఎందరితోనో పోట్లాడింది. అందుకే ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. పరీక్షలప్పుడు రాసిన ప్రకటన, పరీక్షల పేజీకి దారి చూపిస్తూ, యథాతథంగా జనం చేతికి వెళ్ళింది. ఇంత జాగ్రత్త లేని ఆఫీసైతే ఈ తప్పు జరిగి ఉండేదే కాదు.

పేజీని కిందికి జరుపుతూ పోయింది. ఎంత జరిపినా అయిపోదే. ఒకావిడకు వాషింగ్ మెషీన్ ఆగినప్పటి కూత వినబడటం లేదు. ఒకాయన సైకిల్ గొలుసు చప్పుడు వినబడక, ఊడిపోయిందేమోనని మాటిమాటికీ దిగి చూసుకుంటున్నాడు. ఒకావిడ మాత్రం దయచేసి దీన్ని ఇలాగే ఉంచండి, పెళ్ళయ్యాక మా ఆయన గురక వినకుండా నిద్రపోవడం ఇదే మొదలు అని రాసింది. ఆ ముక్కకు టెస్టరమ్మ ఆ పరిస్థితిలో కూడా ఫక్కున నవ్వింది. మరి కాస్త కింద, తనను తాను యార్డువాణ్ణని చెప్పుకున్న ఒకతను, సరుకుల యార్డులో లారీలు వెనక్కి వచ్చేటప్పుడు కొట్టే బీప్ వినబడటం లేదని, సరయ్యేదాకా సెలవు పెట్టానని రాశాడు. నవ్వు అక్కడ ఆగిపోయింది.

మేనత్త వీళ్ళందరితో మాటామంతీ కలిపేసింది. గురకావిడతో పరాచికాలు, సైకిలాయనకు సలహాలు. గడియారాలత్తయ్య అని పేరు కూడా పడిపోయింది. యార్డువాడికైతే, కంగారు పడకు నాయనా, వాళ్ళు చూస్తున్నారు అని ధైర్యం చెప్పింది.

"వాళ్ళు చూస్తున్నారని నీకెవరు చెప్పారత్తా?"

"వాళ్ళే చెప్పారు. ఇదిగో, నేను రాసిన మరుక్షణం జవాబిచ్చారు. మర్యాదస్తులు. చూస్తున్నామన్నాక మళ్ళీ మళ్ళీ అడిగితే బాగోదని ఊరుకున్నా."

మేనత్త వేలు పెట్టిన చోట రెండు చిన్న వాక్యాలున్నాయి. 'మీ మాట మాకు చేరింది. చూస్తున్నాం.' ప్రతి ఒక్కరి మాట కిందా అవే రెండు వాక్యాలు. వాషింగ్ మెషీన్ కిందా, సైకిల్ గొలుసు కిందా, యార్డువాడి కిందా.

ఆ వాక్యాలు టెస్టరమ్మవి. పరీక్షలప్పుడు రాసినవాళ్ళు, గోడకు చెప్పుకున్నట్టుందని మొహం మాడ్చుకుంటే, ఎవరు రాసినా వెంటనే ఒక పలకరింపు వెళ్ళేలా ఆమె ఏర్పాటు చేసింది. ధన్యవాదాలు అని రాసి కొట్టేసింది, మీ స్పందన నమోదైంది అని రాసి అదీ కొట్టేసింది. మనిషి మాట్లాడినట్టుండాలని ఎన్నో రాసి, చివరికి ఈ రెంటి దగ్గర ఆగింది. అప్పట్లో అది నిజం కూడా. గంట మోగేది, వాళ్ళు చూసేవాళ్ళు. గంట విప్పేశాక పలకరింపును ఆపాలని మాత్రం ఎవరికీ గుర్తులేదు.

"అది నేను రాసిందే అత్తా."

మేనత్త మొహం వెలిగింది. "నువ్వా? అయితే నువ్వే చూస్తున్నావన్నమాట."

టెస్టరమ్మకు ఆ వెలుగు చూడటం కష్టమైంది. "లేదత్తా. ఎవరూ చూడట్లేదు."

మేనత్త బల్ల మీది చెక్క పుల్లను తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసింది. "మరి చూస్తున్నామని ఎందుకు రాశావే?" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. తెలుసుకుందామని అడిగినట్టు మామూలుగా అడిగింది, ఆ మామూలుతనం టెస్టరమ్మకు సూదిలా గుచ్చుకుంది. వెంటనే సున్నా సారుకు ఫోన్ చేసింది.

సారు మొదట నమ్మలేదు. తర్వాత నమ్మాడు గానీ, అవి ఫిర్యాదుల కిందికి రావన్నాడు. విడుదలైన అప్‌డేట్ మీద ఏ ఇబ్బంది వచ్చినా ఫిర్యాదుల విభాగానికే రావాలి, ఆ నియమం మనిద్దరం కూర్చుని రాసుకున్నదే కదా అని గుర్తుచేశాడు. గుర్తుచేయడంలో తప్పేం లేదు. ఒకప్పుడు ఫిర్యాదులు తలా ఒక దిక్కుకు వచ్చి పడేవి. కొన్ని పరీక్షల పేజీలో, కొన్ని అమ్మకాల వాళ్ళ మెయిల్లో, ఒకటైతే వాచ్‌మన్ చెవిలో. ఆ గందరగోళంలో ఒక పాప యంత్రం వేడెక్కుతోందన్న మాట రోజుల తరబడి మరుగున పడిపోయింది. అందుకే ఒకే తలుపు పెట్టాలనుకున్నారు. అది మంచి ఆలోచనే.

"తలుపు ఒకటే పెట్టాం సార్," అంది టెస్టరమ్మ. "దారి మాత్రం పాత తలుపుకి చూపించాం."

ఆయన చెడ్డవాడు కాదు. అందరికీ ఈ సాయంత్రం ఇచ్చేస్తామని పైవాళ్ళకు మాటిచ్చి ఇరుక్కున్నాడు. చివరికి, మన లెక్కలో లేని దాన్ని చూపించి పైవాళ్ళకు ఆపానని ఎలా చెప్పను, సరైన చోటికి ఒక్క ఫిర్యాదు రానివ్వండి, ఆ క్షణమే ఆపేస్తానన్నాడు. ఒక్కటి చాలా అని ఆమె అడిగింది. ఒక్కటి చాలన్నాడు.

ఫిర్యాదుల విభాగం పేజీ తెరిచి ఫోన్ మేనత్త చేతికిచ్చింది. చెప్పిందే మళ్ళీ చెప్పాలా అని మేనత్త సణిగింది. సణుగుతూనే కళ్ళజోడు సర్దుకుని, గడియారాలు మూగబోయిన వైనాన్ని, డాక్టరమ్మ గడియారంతో సహా, ఏదీ వదలకుండా రాసింది. మధ్యలో కంపెనీ మర్యాద గురించి ఒక చురక కూడా వేసింది. మేనకోడలు దాన్ని తీసెయ్యమనలేదు. పంపగానే తెర మీద ఫిర్యాదు సంఖ్య వచ్చింది. ఒకటి.

"నేనేనా మొదటిదాన్ని?" అంది మేనత్త, బహుమతి వచ్చినంత సంబరంగా.

సారు దగ్గర్నుంచి సందేశం రావడానికి ఎంతో సేపు పట్టలేదు. సాయంత్రం విడుదల ఆపేశాడట. ఇప్పటికే వెళ్ళిన సగం మందికీ పాత సాఫ్ట్‌వేర్ తిరిగి పంపించే ఏర్పాటు మొదలుపెట్టాడట, చీకటి పడేలోగా అయిపోతుందట. బోర్డు మీది సున్నాను తనే చెరిపానని చివర్లో రాశాడు. టెస్టరమ్మ ఊపిరి పీల్చుకుని స్టూల్ మీద కూలబడింది. రేపటికి నీ గడియారాలు మాట్లాడతాయి అత్తా అంది. మేనత్త లోలకం గడియారం పెట్టెను అరచేత్తో ఒకసారి నిమిరింది.

మిగతావాళ్ళకు కూడా ఈ కబురు చెప్పాలంటూ మేనత్త మళ్ళీ ఆ పసుపు పేజీ తెరిచింది. అన్నిటికన్నా కింద, ఆ ఉదయం రాసిన మాట ఒకటుంది. దాన్ని చదువుతూ చదువుతూ ఆగి, ఫోన్ మేనకోడలి వైపు తిప్పింది.

'సెలవు అయిపోయింది, ఇంక పొడిగించరట. మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకి ఎక్కుతున్నా. అడిగినప్పుడల్లా చూస్తున్నామనే చెప్పారు కాబట్టి ఈపాటికి సరిచేసే ఉంటారు. గడియారాలత్తయ్యా, మీకు వినబడుతోందా? నాకు మాటలు బాగానే వినబడుతున్నాయి. బీప్ సంగతి యార్డులోకి వెళ్ళాక తెలుస్తుంది.'

దాని కింద, ఎప్పటిలాగే, ఆ రెండు వాక్యాలు.

ఎవరితను, ఏ యార్డు? మేనత్తకూ తెలియదు. ఈ పేజీలో పేర్లుండవు, ఫోన్ నంబర్లుండవు. పరీక్షించేవాళ్ళు మొహమాటం లేకుండా రాయాలని అలా పెట్టింది కూడా టెస్టరమ్మే. ఆఫీసుకు పరుగెత్తి, ఈ మారుపేరు వెనక ఉన్న ఫోన్ ఏదో వెతికించేసరికి ఎంత సేపవుతుందో? అతన్ని ఇప్పటికిప్పుడు చేరే దారి ఒక్కటే కనబడింది, ఎవరూ చూడని ఈ పేజీ. అతనైనా చూడాలి. యార్డు గేటు దగ్గర బట్టలు మార్చుకుంటూ, గడియారాలత్తయ్య ఏమైనా రాసిందేమోనని ఒక్కసారి ఫోన్ తెరిస్తే చాలు.

గబగబా టైపు చేసింది. 'యార్డులోకి వెళ్ళకండి. బీప్ సమస్య ఇంకా సరికాలేదు. నేను కంపెనీ మనిషిని. ఇది చూస్తే వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' కింద తన నంబరు వేసి పంపింది.

అప్పుడే గోడ మీది గడియారాలన్నీ ఒకదాని వెనక ఒకటి రెండు కొట్టడం మొదలుపెట్టాయి. టెస్టరమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. అంత మోతలోనూ మేనత్త తల తిప్పలేదు, ఫోన్ వైపే చూస్తోంది.

"పలికాడా?" అంది.

తెర మీద జవాబు అప్పటికే వచ్చేసింది.

'మీ మాట మాకు చేరింది. చూస్తున్నాం.'